మూడో నిమిషంలో అరిచిన మనిషి

సమాచార శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి, ఇకనుంచి తమ బహిరంగ సభలన్నీ రేడియోలో ప్రత్యక్ష ప్రసారమవుతాయని, దీంతో ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న దూరం చెవికీ రేడియోకీ మధ్య ఉన్నంతకు తగ్గిపోతుందని ప్రకటించారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నారు. "మీరే అన్నీ చెప్పేశారు కదండీ" అన్నారు విలేకరులు. వాళ్ళ వినయానికి మంత్రిగారి కళ్ళు చెమర్చాయని మర్నాడు అన్ని పత్రికలూ రాశాయి.

ఆ వార్త చదివి గర్వపడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గర్వంతోపాటు కొంచెం దిగులు కూడా వేసింది. ఎందుకంటే ఆ ప్రసారాలు చేయాల్సినవాణ్ణి నేనే. రేడియో స్టేషన్ కంట్రోల్ రూములో, అద్దం వెనకాల, మీటల ముందు కూర్చునే టెక్నీషియన్ని. బయటి ప్రసారాలకి మాకో వ్యాను ఉంది. చక్రాలు లేవు. పదకొండేళ్ళ కిందటి ఎన్నికల్లో ప్రచారానికి అరువు తీసుకెళ్ళారు. గెలిచాక ఇలాంటి చిన్నచిన్న విషయాలు ఎవరికి గుర్తుంటాయి?

నా ముందు చాలా మీటలున్నా, దేశానికి పనికొచ్చేవి మూడే. ఒకటి నవ్వు, ఒకటి చప్పట్లు, ఒకటి జనం. నవ్వు మీట ఎక్కువగా మా బావ కోసం.

మా బావ అంటే మా అక్క మొగుడు. పొద్దున ఏడింటికి 'ఏడుగంటల గోల' అనే కార్యక్రమం నడుపుతాడు. ఊరంతా ఆయన్ని గోలాయన అనే పిలుస్తుంది, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆటలు, రాజకీయాలు, ఇంటి సంగతులు, అన్నీ ఒకే గిన్నెలో వేసి కలిపేస్తాడు. గొంతు మాత్రం వెన్నలా ఉంటుంది. తిట్టినా జోకొట్టినట్టే ఉంటుంది.

"మన గోల్‌కీపర్‌గారు దయగల మనిషి. బంతిని మధ్యలో ఆపి దాని మనసు నొప్పించరు" అంటాడు. "నిన్న శాసనసభలో మాటల యుద్ధం జరిగింది. మాటలకి బాగా గాయాలయ్యాయి, సభ్యులంతా క్షేమం" అంటాడు. "మా వీధి కుళాయి నిన్న గంటసేపు మాట్లాడింది, గాలి తప్ప ఏమీ రాలేదు. దాన్ని ఎన్నికల్లో నిలబెడదామని వీధివాళ్ళు అనుకుంటున్నారు" అంటాడు. నేను నవ్వు మీట నొక్కుతాను.

అయితే ఏ జోకూ నేరుగా గాలిలోకి వెళ్ళదు. స్టేషన్ గేటు పక్కన గొడుగులు బాగుచేసే ముసలాయన ఒకాయన కూర్చుంటాడు. చిన్నప్పుడేదో జ్వరం వచ్చి మాట పోయింది. వినికిడి మాత్రం మనకంటే నయం. మేం గొడుగుల తాత అంటాం. బావ రోజూ ఆరున్నరకి ఆయన పక్కన చతికిలబడి ఆనాటి జోకులన్నీ వినిపిస్తాడు. తాత భుజాలు కదిలితే ఆ జోకు ప్రసారమవుతుంది. కదలకపోతే అక్కడే చెత్తబుట్టలోకి. "మన స్టేషన్‌లో నిజమైన నవ్వు అదొక్కటేరా, అదీ చప్పుడు చెయ్యదు" అనేవాడు బావ.

ఇక ఆటల వ్యాఖ్యానం. పై ఊళ్ళలో ఫుట్‌బాల్ పోటీలు జరిగితే అక్కడికి వెళ్ళడానికి వ్యాను ఉండదు కదా. అందుకని అక్కడ ఒక విలేకరి టెలిఫోన్ దగ్గర నిలబడి సంగతులు చెబుతాడు. బావ స్టూడియోలో కాలుమీద కాలేసుకుని, కళ్ళముందే జరుగుతున్నట్టు చెప్పుకుపోతాడు. నేను వెనక జనం మీట నొక్కుతాను. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్క శ్రోత కూడా అనుమానపడలేదు.

ఆ జనం టేపు నేనే రికార్డు చేశాను, పన్నెండేళ్ళ కిందట, మా ఊరి మైదానంలో. ఒక ఆట మొత్తానికి సరిపోయే గంటన్నర టేపు. ఈలలు, కేకలు, అన్నీ పుష్కలంగా ఉంటాయి. సరిగ్గా మూడో నిమిషంలో ఒకడు గొంతు చించుకుని, "చాలయ్యా! ఇక కూర్చో!" అని అరుస్తాడు. ముందు వరసలో ఎవడో లేచి నిలబడి ఉంటాడు. ఆటలో ఇది మామూలే కదా అని ఉంచేశాను. ఆ అరుపు వల్లే టేపుకి జీవం వచ్చిందని మా డైరెక్టర్‌గారు మెచ్చుకున్నారు కూడా.

మంత్రిగారి మొదటి సభ ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో. ఉపన్యాసం టెలిఫోన్ తీగమీద మాకు అందుతుంది. సభకి ముందూ తరవాతా నాలుగు ముక్కలు చెప్పే పని బావకి అప్పగించారు, జనం ఎలాగూ ఆయన గొంతుకి అలవాటుపడ్డారని. మొదలవడానికి అయిదు నిమిషాల ముందు అక్కడి విలేకరి ఫోన్ చేశాడు.

"సార్, కుర్చీలు వెయ్యి ఉన్నాయి. మనుషులు నలభైమంది. అందులో ముప్ఫైమంది కుర్చీలు వెయ్యడానికి వచ్చినవాళ్ళు."

డైరెక్టర్‌గారు రిసీవర్ పెట్టేసి నావైపు చూశారు. పదవీ విరమణకి ఏడు నెలలున్న మనిషి చూపు అది.

"జనం లేరంట సార్" అన్నాను.

"ఎవరన్నారు లేరని? మన దగ్గర లేరూ?"

"సార్, అది ఫుట్‌బాల్ జనం."

"జనంలో నీకు తేడాలేంటయ్యా? పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నొక్కు."

నొక్కాను. మంత్రిగారు మాట్లాడటం మొదలుపెట్టారు. వేలమంది హోరు. ఈలలు. మొదటి నిమిషంలో రోడ్ల గురించి చెప్పారు. రెండో నిమిషంలో తమ గురించి చెప్పారు. మూడో నిమిషంలో, "నేను అలసిపోయే మనిషిని కాను, ఇంకా పదేళ్ళు మీకోసం ఇలాగే నిలబడతాను" అన్నారు.

"చాలయ్యా! ఇక కూర్చో!"

అద్దం అవతల బావ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఫోను అవతల ఉన్న మంత్రిగారికి ఏమీ వినపడలేదు గనక ఆయన అలాగే ఇంకో గంట నిలబడ్డారు.

దేశానికి మాత్రం వినపడింది. రెండో సభ ప్రసారానికి టీ కొట్ల దగ్గర, మంగలి షాపుల దగ్గర జనం రేడియోల చుట్టూ మూగారు. మూడో సభ నాటికి బస్సు డ్రైవర్లు ఆ మూడో నిమిషం దాకా బస్సులు ఆపి, విన్నాక కదిలించేవాళ్ళు. ఏ ప్రభుత్వ కార్యక్రమానికీ ఇంతమంది శ్రోతలు ఉండటం మా స్టేషన్ చరిత్రలో లేదు. ఆ అరుపు కత్తిరించేస్తానంటే, టేపుకి జీవమే అదన్నారు డైరెక్టర్‌గారు. మంత్రిగారు డైరెక్టర్‌గారికి ప్రశంసాపత్రం పంపారు. అది ఇంకా ఫ్రేము కట్టే కొట్లో ఉండగానే, ఒక ఆదివారం ఇంట్లో తీరుబడిగా కూర్చుని, తమ ఉపన్యాసం పునఃప్రసారాన్ని తామే విన్నారు.

సోమవారం పొద్దున ప్రత్యేక అధికారి వచ్చారు. సన్నగా, శుభ్రంగా, చేతిలో చిన్న పుస్తకంతో ఉండే మనిషి. ఆయన తెలివితేటల్ని నేను ఎంత పొగిడినా తక్కువే. మూడు రోజుల్లో నివేదిక తయారుచేశారు. ఒకే మనిషి పదకొండు ఊళ్ళలో పదకొండు సభలకి హాజరై, ప్రతిసారీ మూడో నిమిషంలోనే అరిచాడు. అందులో రెండు సభలు ఒకే రోజు, దేశానికి రెండు చివరల ఉన్న ఊళ్ళలో జరిగాయి, మంత్రిగారే విమానంలో వెళ్ళాల్సి వచ్చింది. కాబట్టి ఇతగాడి దగ్గర చాలా వేగమైన వాహనమైనా ఉండాలి, వెనకాల చాలా పెద్ద కుట్రైనా ఉండాలి. రెండూ ఉన్నాయని ఆయన తేల్చారు.

"మీ దగ్గర టేపులేమైనా వాడతారా?" అని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోపు డైరెక్టర్‌గారు అందుకున్నారు. "టేపులా! ప్రత్యక్ష ప్రసారమండీ. మంత్రిగారే ప్రకటించారు."

"అయితే సరే" అని పుస్తకంలో రాసుకున్నారు. "విచారణ పూర్తయ్యేదాకా మీ ప్రసార పద్ధతిలో వెంట్రుకవాసి మార్పు కూడా చెయ్యకూడదు. చేస్తే ముద్దాయి జాగ్రత్తపడతాడు." ఆ ముక్క రాతపూర్వకంగా కూడా ఇచ్చారు.

ఆయన వెళ్ళాక, "సార్, నిజం చెప్పేస్తే పోలేదా?" అన్నాను.

"చెప్పు. టేపని చెప్పు. పదకొండు సభలకీ జనం రాలేదని చెప్పినట్టే. ఆ మాట నువ్వంటావా, నన్ననమంటావా?"

ఇద్దరం అనలేదు.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క వంటింట్లో పిండి కలుపుతోంది. బావ ముందుగదిలో ఫుట్‌బాల్ చూస్తున్నాడు. నేను అక్కకి జరిగిందంతా చెప్పి, ఆ గొంతు ఎవడిదో పాపం, దొరికితే వాడి పని అయిపోయినట్టే అన్నాను.

అక్క పిండి చేత్తోనే నన్ను ఆగమంది. సరిగ్గా అప్పుడే మా మేనకోడలు పుస్తకం వెతుక్కుంటూ టీవీకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"చాలమ్మా! ఇక కూర్చో!" అని ముందుగదిలోంచి అరుపు వచ్చింది.

"పద్దెనిమిదేళ్ళుగా వింటున్నానురా తమ్ముడూ" అంది అక్క. "రేడియోలో వెన్న పూసుకుంటాడు గానీ, ఆట ముందు ఎవరైనా అడ్డం నిలబడితే మీ బావ అసలు గొంతు అదే. మొదటి సభ రోజే గుర్తుపట్టాను. నువ్వు గుర్తుపట్టలేదంటే నీ చెవులు ఆఫీసువాళ్ళవి."

నాకప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట, బావ ఇంకా బీమా ఆఫీసులో గుమస్తాగా ఉన్నప్పుడు, ఆ ఆటకి పాసు ఇచ్చి తీసుకెళ్ళింది నేనే. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నాకూ తెలుసురా" అన్నాడు. "మొదటిసారి వినగానే తెలిసింది. ఎవడో గొడుగు విప్పుకుని నా ముందు నిలబడ్డాడు ఆ రోజు. వాన కూడా లేదు."

"నువ్వు నోరు మూసుకుని ఉండు" అంది అక్క. "ఇద్దరు పిల్లలున్నారు మనకి. గొంతు మీద బతికేవాడివి, గొంతు వల్లే లోపలికి పోతావా?"

మూసుకునేవాడే. కానీ మర్నాడు ప్రత్యేక అధికారి బావని గొంతుల నిపుణుడిగా నియమించారు. దేశంలో గొంతు గురించి ఇంతకంటే తెలిసినవాడెవడని ఆయన వాదన. కాదనడానికి లేదు. ప్రసారం బయల్దేరేది మా ఊరినుంచే గనక, మా ఊళ్ళో మగవాళ్ళందరూ వార్డులవారీగా వచ్చి, నిపుణుడి ముందు ఆ వాక్యం అరవాలి. అది ఆయన గొంతో కాదో బావ తేల్చాలి.

మునిసిపల్ ఆఫీసు వరండాలో బల్ల వేశారు. పంతుళ్ళు, డ్రైవర్లు, మార్కెట్ హమాలీలు, పింఛనుదార్లు, వరసలో నిలబడి ఒక్కొక్కరూ వచ్చి, "చాలయ్యా! ఇక కూర్చో!" అని అరిచి వెళ్ళారు. కొంతమందికి అది ఎంత నచ్చిందంటే మళ్ళీ వెళ్ళి వరస చివర నిలబడ్డారు. సాయంత్రానికి బావ ప్రతివాడికీ "కాదు, కాదు, కాదు" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. ఎనిమిది రోజుల్లో ఊరు మొత్తం అయిపోయింది. ఎవరిదీ కాదు.

ప్రత్యేక అధికారి జాబితా ముందేసుకుని ఒక పూటంతా ఆలోచించారు. తరవాత బల్ల మీద గుద్దారు.

"అందరి గొంతులూ పరీక్షించాం. ఎవరివీ కాదు. అంటే, పరీక్షకి దొరకని గొంతుదే ఆ అరుపు. ఊళ్ళో గొంతు చూపించనివాడు ఒక్కడే ఉన్నాడు."

గంటలో గొడుగుల తాతని జీపెక్కించారు.

"సార్, ఆయన మూగవాడు!" అన్నాడు బావ, ఉన్న కాస్త గొంతుతో.

"అని ఆయనే చెప్పాడా?" అన్నారు అధికారి. "చెప్పలేదు కదా! డెబ్భై ఏళ్ళుగా గొంతు దాచుకున్నవాడు ఎంత కరడుగట్టినవాడో ఆలోచించండి. పైగా కూర్చునేది ఎక్కడా? రేడియో స్టేషన్ గేటు దగ్గర!"

తాత పెనుగులాడలేదు. కుట్టు మధ్యలో ఉన్న గొడుగు మాత్రం ఎవరికైనా ఇద్దామని చుట్టూ చూశాడు. నేను కిటికీ అద్దం వెనకాల ఉన్నాను. బావే పరిగెత్తుకెళ్ళి అందుకున్నాడు.

తాత లోపల ఉండగానే పన్నెండో సభ జరిగింది. మూడో నిమిషంలో ఎప్పటిలాగే అరుపు వచ్చింది. ఇప్పటికైనా వదిలేస్తారని మేం ఆశపడ్డాం. "లోపలున్నా అరుస్తున్నాడు!" అని అధికారి గదికి రెండో తాళం వేయించారు.

ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదని అక్క చెప్పింది. మర్నాడు ఆరున్నరకి గేటు పక్కన ఖాళీ చోటు ముందు కాసేపు చతికిలబడి, లేచి స్టూడియోలోకి వచ్చాడు. చేతిలో కాగితం లేదు.

"శ్రోతలకి నమస్కారం. ఇవాళ జోకులు లేవు" అన్నాడు. గొంతులో వెన్న లేదు. "మంత్రిగారి సభల్లో వినపడుతున్న అరుపు నాది. గొడుగుల తాతకి మాట రాదు. ఆయన్ని వదిలెయ్యండి, నన్ను పట్టుకోండి."

నా బల్లమీద ఫోను మోగింది.

"నవ్వు!" అన్నారు డైరెక్టర్‌గారు. "నవ్వు వెయ్యవయ్యా, ఏం చూస్తున్నావ్?"

"సార్, ఆయన నిజంగానే..."

"ఆరు నెలలయ్యా! నాకింకా ఆరు నెలలున్నాయి!"

వేశాను. బావ అద్దంలోంచి నావైపు చూసి, "నవ్వొద్దు, నిజం చెబుతున్నాను" అన్నాడు. దానికి ఇంకా పెద్ద నవ్వు వేయాల్సి వచ్చింది.

ఆ రోజు స్టేషన్‌కి వచ్చినన్ని ఫోన్లు ఎన్నడూ రాలేదు. గోలాయన ఇంతకాలానికి అసలైన జోకు వేశాడని అందరూ ఒప్పుకున్నారు. బావ అక్కడితో ఆగకుండా ప్రత్యేక అధికారి ఆఫీసుకి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను, పట్టుకుని వెనక్కి తెద్దామని.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూశాం గానీ, గుమ్మడికాయ నెత్తినెట్టుకుని వచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం!" అని అధికారి పొట్ట పట్టుకుని నవ్వారు. "మళ్ళీ చెప్పండి, మా స్టాఫ్ కూడా వింటారు."

"పోనీ అరిచి చూపిస్తాను, వినండి" అన్నాడు బావ. అరిచాడు. ఎనిమిది రోజులు కాదు కాదన్న గొంతు కదా, పిల్లి కూత వచ్చింది.

"సరిపోలేదు" అని అధికారి జాబితాలో రాసుకుని, కళ్ళు తుడుచుకున్నారు. నిపుణుడిగా సంతకం కూడా బావ చేతే పెట్టించారు.

ఈ సంగతి మంత్రిగారి దాకా వెళ్ళింది. తమ ప్రభుత్వం హాస్యాన్ని ఎంత గౌరవిస్తుందో లోకానికి చాటే అవకాశాన్ని ఆయన వదులుకునే మనిషి కాదు. ఈ సంవత్సరపు ఉత్తమ హాస్యోక్తిగా 'ఆ అరుపు నాది' అన్న వాక్యాన్ని ఎంపిక చేసి, బావకి 'హాస్య శిరోమణి' బిరుదు ప్రకటించారు. సభ మా స్టేషన్ హాల్లోనే. ప్రత్యక్ష ప్రసారం.

"వెళ్ళనంటున్నాడ్రా" అంది అక్క ముందురోజు. వెంటనే ఫోను బావ తీసుకున్నాడు. "వెళ్తాను. మంత్రి ఎదురుగానే ఉంటాడు కదా. మైకు నా చేతికిస్తారు. మూడు నిమిషాలు చాలు నాకు. ఒరేయ్, నువ్వు నవ్వు మాత్రం వెయ్యకు. మాటివ్వు."

నవ్వు వెయ్యనని మాటిచ్చాను.

హాలు మూడొందల మంది పట్టేది, నా గదికి దానివైపు కూడా ఒక అద్దం ఉంది. వచ్చింది పద్నాలుగు మంది, మా స్టాఫుతో కలిపి. మొదటి వరసలో ప్రత్యేక అధికారి పుస్తకంతో కూర్చున్నారు. మంత్రిగారు వేదికెక్కి ఖాళీ కుర్చీలకి ఒక్కొక్క వరసకీ విడిగా దండం పెట్టారు. బావకి శాలువా కప్పి మైకిచ్చారు. బావ మైకు ముందుకొచ్చేసరికి నా ఫోను మోగింది.

"జనం వెయ్యి. హాలు స్పీకర్లలో కూడా వెయ్యి, మంత్రిగారికి వినపడాలి."

"సార్, ఇవాళ వద్దు సార్."

"మార్పు చెయ్యకూడదని రాసిచ్చారు కదయ్యా! నొక్కు."

నొక్కాను. నవ్వు వెయ్యనని మాటిచ్చాను గానీ జనం గురించి ఏమీ అనుకోలేదు కదా. హాలంతా వేలమంది హోరెత్తింది. మంత్రిగారు తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.

బావ గొంతు పూర్తిగా కోలుకుంది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచి మొదలుపెట్టాడు. ఈ బిరుదు తనకొద్దన్నాడు. తాత సంగతి చెప్పాడు. జ్వరం సంగతి, గేటు పక్కన చోటు, కదిలే భుజాలు, కుట్టు మధ్యలో ఆగిపోయిన గొడుగు, అన్నీ చెప్పాడు. స్టాఫులో ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ప్రత్యేక అధికారి కూడా రాయడం ఆపి తలెత్తి చూశారు. మంత్రిగారు కళ్ళు తెరిచారు. ఇన్ని రోజుల్లో మొట్టమొదటిసారి ఎవరో వింటున్నారని నాకనిపించింది.

గడియారం చూశాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. నా వేలు మీట మీదే ఉంది. ఇంకోసారి నొక్కితే చాలు, టేపు ఆగిపోతుంది. మంత్రిగారు జనం వినపడుతున్నారో లేదోనని అద్దం వైపు ఒకసారి చూశారు.

"కాబట్టి అయ్యా," అన్నాడు బావ, "ఆ అరుపు ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడే, ఇక్కడే, మీ అందరి ముందూ..."

"చాలయ్యా! ఇక కూర్చో!"

హాలు నాలుగు మూలలనుంచీ మోగింది. పన్నెండేళ్ళ కిందటి గొంతు. ఇప్పటికంటే చాలా బలంగా ఉంది.

ప్రత్యేక అధికారి చటుక్కున గడియారం చూసుకుని, పుస్తకంలో 'మూడో నిమిషం' అని రాసుకున్నారు. మంత్రిగారు బావ భుజం మీద చెయ్యి వేసి, ప్రజల మాట మనం వినాలి కదా అన్నట్టు కుర్చీ చూపించారు.

బావ అద్దం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత శాలువా సర్దుకుని కూర్చున్నాడు.

నేను చప్పట్లు వేశాను.